మూల ఖాతా

“నీకేం యాదుంటదే!” అనేది మొగిలి ఊతపదం. పొద్దున చాయ్ గ్లాసు అందుకుంటూ ఒకసారి, బండి తాళంచెవి దొరకనప్పుడు ఒకసారి, ఏ పనీ లేకపోతే ఊరికే ఇంకోసారి. ఆ తాళంచెవి ఎక్కడుందో వెతికి ఇచ్చేది మాత్రం సుగుణే. గ్యాస్ బండ ఏ తారీఖున బిగించారో, అత్త కట్టమ్మ బీపీ గోళీలు ఇంకెన్ని మిగిలాయో, కూతురు దీప డిగ్రీ పరీక్ష ఫీజుకు ఆఖరు రోజు ఎప్పుడో, మరిది పెళ్ళిలో ఎవరు ఏ చీర పెట్టారో, తిరిగి వాళ్ళకు ఏం పెట్టాలో, అన్నీ ఆమె తలలోనే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇల్లు నడుస్తున్నదే ఆమె జ్ఞాపకం మీద. అయినా ఆమెకేం యాదుంటది! ఒకే మాటను రోజూ నెత్తిన మొత్తుతుంటే మనిషికి అదే నిజమనిపిస్తుంది కాబోలు, ఎవరేమడిగినా “ఏమో, నాకు యాదికి లేదు, ఆయన్నడుగుండ్రి” అనడం సుగుణకు కూడా అలవాటైపోయింది.

కాశిబుగ్గలో వాళ్ళది రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో ఒకప్పుడు మగ్గం ఉండేది. మొగిలి జంపఖానాలు నేసేవాడు. ఆరేళ్ళ కింద మగ్గం విప్పి అమ్మేసి, “గీ నేతల ఏం లేదు, బిజినెస్ జేస్త” అని తెల్లచొక్కా తొడుక్కున్నాడు. ఏం బిజినెస్ అని అడిగితే “చెప్తె నీకు సమజైతదా” అన్నాడు. మగ్గం పోయింది కానీ మూలనున్న రాట్నం పోలేదు. సుగుణ ఇప్పటికీ ఆ మూలనే కూర్చుని పక్కిళ్ళ మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. మొగుడు నేసినన్నాళ్ళూ ఆమె చుట్టిన కండెలకు కూలి లేదు, అది ఇంటిపని కింద లెక్క. జంపఖానా ఎవరు నేశారంటే మొగిలి నేశాడు. ఇప్పుడు బయటివాళ్ళు ఇచ్చే కూలి వాకిట్లోనే ఆగిపోయి కట్టమ్మ కొంగులో ముడిపడుతుంది.

మొగిలికి టీవీ వార్తల పిచ్చి. యుద్ధం ఏ దేశంలో జరిగినా దాని మాటలు తిన్నగా ఆ రేకుల ఇంట్లో దిగేవి, దిగి సుగుణ మీదే పడేవి. ఆమె బియ్యం డబ్బాలో దాచుకున్న వంద నోటు లాక్కుని “మీ అమ్మ మీద సర్జికల్ స్ట్రైక్ జేసిన బిడ్డా” అని కూతురితో చెప్పి నవ్వేవాడు. మధ్యాహ్నం ఆమె ఒక్క కునుకు తీస్తే “మనింట్ల స్లీపర్ సెల్ ఉన్నదిరో” అనేవాడు. పుట్టింటికి ఫోన్ చేస్తే పక్కన నిలబడి “ఇంటెలిజెన్స్ రిపోర్ట్ పోతాంది”. ఎదురు మాట్లాడితే “నోరా అది, మందుపాతరనా? కాలు వెడితె పేల్తాంది”. చుట్టాలు పకపక నవ్వేవాళ్ళు. సుగుణ కూడా నవ్వేది, నవ్వకపోతే దాని మీద ఇంకో జోకు పడుతుందని. ఎక్కడో మనుషులను చంపే మాటలు కదా ఇవి, వీటితో నవ్వెట్లా వస్తుందీ వీళ్ళకు అని ఆమెకు ఒకటి రెండుసార్లు అనిపించింది. అనిపిస్తే మాత్రం, ఎవరితో అంటుంది?

దసరా వెళ్ళిన వారం, మంగళవారం పొద్దున పదింటికి రాట్నం తిప్పుతుంటే ఆమె ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి. “సుగుణమ్మేనా? సైబర్ క్రైమ్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్న. మీ పేరు మీదున్నది మ్యూల్ అకౌంటని తేలింది. రేపు పదకొండింటికి ఆధార్ కార్డు పట్టుకోని రావాలె.”

సుగుణ టక్కున పెట్టేసింది. పోలీసులమని ఫోన్ చేసి డిజిటల్ అరెస్ట్ చేశామంటూ బెదిరిస్తారనీ, అట్లాంటి ఫోన్ వస్తే మాట్లాడకుండా కట్ చేయమనీ దీప వందసార్లు చెప్పింది. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేసింది. మూడోసారి మోగేసరికి ఒళ్ళు మండి, “దొంగదానా, మా బిడ్డ నాకు అన్నీ చెప్పింది, నీ ఏషాలు నా దగ్గర గాదు” అని నాలుగు తిట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒకరిని అట్లా తిట్టడం అదే మొదలు, తిట్టాక కాస్త హాయిగా కూడా అనిపించింది. గంట గడిచిందో లేదో అదే గొంతు ఖాకీ బట్టల్లో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ కానిస్టేబుల్ నోటీసు చేతిలో పెట్టి సంతకం తీసుకుని, “తిట్టినవ్ గదమ్మా, మంచిదే. గీ తెలివి అకౌంట్ ఇచ్చేటప్పుడు జర ఉంటె అయిపోతుండె” అని వెళ్ళిపోయింది.

“ఏం ఖాతా అన్నదే గామె?” అంది కట్టమ్మ, వీధిలో ఎవరెవరు చూశారో ఒకసారి తొంగి చూసి వచ్చి.

“మూల అకౌంటంట అత్తా.”

ఆమెకు నిజంగా అట్లాగే వినబడింది మరి. అందులో వింత కూడా ఏమీ అనిపించలేదు. తను కూర్చునేది మూలన, రాట్నం మూలన, పెళ్ళయిన కొత్తలో నెలకు మూడు రోజులు చాపేసి కూర్చోబెట్టింది మూలన. తన పేరు మీద ఒక ఖాతా అంటూ ఏడిస్తే అది మూల ఖాతా కాక ఇంకేమవుతుంది? వాడకుండా మూలన పడేసినందుకు జుర్మానా వేస్తారేమో అనుకుంది. ఆ పాస్‌బుక్కును ఆమె చూసింది కూడా ఒక్కరోజే.

ఆ ఒక్కరోజు గురించి చెప్పాలి. ఆ రోజు పొద్దున మొగిలి స్నానం చేసి వచ్చి, “తయారు కా, బయటికి పోదాం” అన్నాడు. ఎవరైనా పోయారా అని అడిగింది సుగుణ. ఆమెను బయటికి తీసుకుపోవడమంటే చావుకో దవాఖానకో తప్ప ఉండదు మరి. “నీ పేరు మీద బ్యాంకుల ఖాతా తీద్దాం. నీకూ ఒకటుండాలె గద” అన్నాడు. నీకూ ఒకటుండాలె! ఆ మాటకు సుగుణ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏం చెప్పమంటారు. చెల్లెలి పెళ్ళికి పెట్టిన మామిడిపండు రంగు చీర కట్టుకుంది. బండి మీద అతని వెనక కూర్చుని, భుజం మీద చెయ్యి వేయాలా వద్దా అని పోచమ్మమైదాన్ దాకా ఆలోచించి, అక్కడ ఒక గుంతలో బండి ఎగిరితే వేసింది. అతను తీసేయమనలేదు. హనుమకొండ బ్యాంకులో ఫోటో తీసే అతను “జర నవ్వమ్మా” అంటే ఈమె నవ్వింది. సంతకం వంకర పోకుండా చేసింది. తిరిగి వస్తుంటే పబ్లిక్ గార్డెన్ దగ్గర బండి ఆపి మిర్చి బజ్జీలు ఇప్పించాడు. ఆమెకు కారం ఎక్కువై కళ్ళమ్మట నీళ్ళొస్తే బజ్జీల బండివాడిని కేకేసి నీళ్ళిప్పించాడు. ఇవేం గొప్పలు అంటారా? మీకు కాకపోవచ్చు. పాస్‌బుక్కు మాత్రం చేతికి ఇవ్వలేదు. “ఎక్కడనో పెట్టి మర్చిపోతవ్, నీకేం యాదుంటది” అని జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆ మాట కూడా ఆమెకు ముద్దుగానే వినబడింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు, రాట్నం తిప్పేటప్పుడల్లా ఆ రోజును మొదటి నుంచి చివరి దాకా తలచుకునేది. తలచుకోవడానికి డబ్బులు పెట్టనక్కర్లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు కూడా.

మధ్యాహ్నం మొగిలి వచ్చాడు. నోటీసు చదివి కుర్చీలో కూలబడ్డాడు. అతని బిజినెస్ పార్ట్‌నర్ ఎల్లస్వామి ఫోన్ రెండు రోజులుగా స్విచ్చాఫ్ అట. కాసేపటికి లేచి వచ్చి సుగుణ పక్కన, ఆ మూలన, కింద కూర్చున్నాడు. అతను అక్కడ కూర్చోవడం ఎన్నడూ ఎరగదామె.

“సుగుణా, నేను జెప్పేది ఇను. ఎవలో ఫోన్ జేసి ఇంట్లనే ఉండి చేసుకునే జాబ్ ఇస్తమన్నరు, అకౌంట్ గావాల్నన్నరు, నేనే తీసి కార్డు కొరియర్ల పంపిన, మా ఇంటాయనకు తెల్వదు అని చెప్పు. గంతే. ఇంకేమడిగినా యాదికి లేదను.”

“గా ఖాతాల ఏమైంది?”

“ఏమో, ఎవలియో పైసలు వడ్డయ్, పోయినయ్. ఎల్లస్వామిగాడు నెలకు అయిదు వేలు కిరాయి ఇస్తనన్నడు. గేమింగ్ పైసలన్నడు. నాకేమెర్క?”

కిరాయి! సుగుణకు మొదట అర్థం కాలేదు. ఇల్లు కిరాయికిస్తారు, పెళ్ళిళ్ళకు గిన్నెలు కిరాయికిస్తారు. తన పేరును, తన సంతకాన్ని, తన నవ్వు మొహాన్ని నెలకు అయిదు వేల కిరాయికి ఇచ్చివచ్చాడన్నమాట ఈ మనిషి.

“అయితె నన్ను పట్టుకపోతరు గద” అంది.

“ఆడదాన్ని ఏం జేస్తరు?” అంది కట్టమ్మ తలుపు దగ్గర నుంచి. “రెండు మాటలడిగి ఇడిసిపెడ్తరు. బెయిల్ గూడ జల్ది అస్తదట ఆడోళ్ళకు. మొగోడు జైల్లవడితె ఇల్లేమైతది? రేపు పిల్లకు సంబంధమొస్తదా? ఇజ్జత్ పోతది బిడ్డా. నీ మొగన్ని నువ్వు గాక ఎవలు కాపాడుతరు?”

‘బిడ్డా’ అంది. ఇరవై రెండేళ్ళలో కట్టమ్మ నోటివెంట ఆ మాట వినడం కూడా సుగుణకు కొత్తే. అందరికీ ఒక్కసారిగా ఎంత ముద్దొస్తున్నానో అనుకుంది. లేచి బియ్యం కడిగింది. ఎవరు జైలుకు పోయినా ఆ పూటకు అన్నం వండాలి కదా.

సాయంత్రం దీప కాలేజీ నుంచి వచ్చింది. నాన్న చెప్పింది విన్నది, నానమ్మ చెప్పింది విన్నది. నోటీసు తీసుకుని తల్లి దగ్గరికి వచ్చింది.

“మూల ఖాతా అంటె ఏంది బిడ్డా? వాడకపోతె తప్పా?”

“మూల గాదమ్మా, మ్యూల్. ఇంగ్లిష్ మాట.” “మ్యూల్ అంటె కంచరగాడిద. బరువులు మోయనీకి వాడ్తరు గద. దొంగలు డబ్బు నేరుగ తీస్కోరు, పట్టువడ్తరని. ఎవలో తెల్వనోళ్ళ ఖాతాలల్లేసి దాటిస్తరు. అది మోస్తది. ఏం మోస్తాందో దానికి...” అని అక్కడికి ఆపి, తల్లి మొహం చూసి, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేసింది.

సుగుణ కూతురి జుట్టు నిమురుతూ కూర్చుంది. గాడిద అన్నందుకు ఆమెకు బాధ కాలేదు. గాడిద చాకిరీ అన్న మాట ఆమెకేం కొత్త కాదు, పెళ్ళయిన రెండో ఏడే వాళ్ళమ్మ చూసి అనేసి పోయింది. జైలంటే భయం వేసింది, కానీ గుండెను పట్టుకున్నది అది కూడా కాదు. ఆ రోజు. ఆ మామిడిపండు రంగు చీర రోజు. నీకూ ఒకటుండాలె అన్న రోజు. బండి మీద భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నప్పుడు అతను తన చెయ్యి తీసేయమనలేదే, అది బరువును దించేదాకా గాడిదను కసరకుండా ఉండడమే కదా. నీళ్ళు కూడా అందుకే ఇప్పించాడేమో. తనకు ఉన్నదే ఒక్కరోజు, దాన్ని కూడా ఇయ్యాల వచ్చి పట్టుకుపోయారు. పోలీసులు కాదు, ఈయనే. ఇరవై రెండేళ్ళు కొట్టినా తిట్టినా ఆమె ఇంత ఏడవలేదు. కూతురి వీపు మీద మొహం పెట్టి, కట్టమ్మకు వినబడకుండా నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తనవాళ్ళెవరో చచ్చిపోయినట్టు ఏడ్చింది, కానీ చచ్చిపోయింది ఎవరని చెప్పాలి?

మర్నాడు పొద్దున ఆ మామిడిపండు రంగు చీరే కట్టుకుంది. ఎందుకని దీప అడగలేదు. మొగిలి బండి తీశాడు, దీప ఆటోలో వెనక వచ్చింది. ఈసారి సుగుణ అతని భుజం మీద చెయ్యి వేయలేదు, వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా అతను చెబుతూనే ఉన్నాడు: ఫోన్ వచ్చింది, జాబన్నరు, కొరియర్, మా ఇంటాయనకు తెల్వదు. స్టేషన్ మెట్ల దగ్గర ఇంకోసారి ఒప్పజెప్పించుకుని, “ఇగ చాలు. ఎక్కువ మాట్లాడకు. నీకేం యాదుంటది, తెల్వదను, అయిపోతది” అని వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

లోపల ఎస్సై మేడమ్ చిన్న వయసుదే, దీపకంటే పదేళ్ళు పెద్దదేమో. కుర్చీ చూపించింది. పోలీసు స్టేషన్లో తనను కూర్చోమంటారని సుగుణ అనుకోలేదు.

“ప్రేమలత అని ఒకామె ఉన్నది సుగుణమ్మా. నర్సు చేసి రిటైరైంది, ఒక్కతే ఉంటది. సీబీఐ వాళ్ళమని వీడియో కాల్ చేసి రెండు రోజులు ఆమెను ఫోన్ ముంగట కూసోబెట్టిన్రు. స్నానానికి పోవాలన్నా వాళ్ళను అడిగి పోయింది. నీళ్ళు తాగాలన్నా అడిగింది. ఆమె పైసలు తొమ్మిది లక్షలు నీ ఖాతాల పడి, పది నిమిషాల్లో వేరే ఖాతాలకు పోయినయి. ఇప్పుడామె ఎవరన్న తలుపు కొడితె తీస్తలేదట.”

ఎవరో ఒకామె, తన వయసుకంటే పెద్దది, నీళ్ళు తాగడానికి మగ గొంతులను అడుగుతూ కూర్చున్న బొమ్మ సుగుణ కళ్ళ ముందుకొచ్చింది. అది చూడటానికి ఆమెకు పెద్దగా ఊహ అవసరం పడలేదు.

“చెప్పు. అకౌంట్ ఎవరికిచ్చినవ్?”

ఫోన్ వచ్చింది, జాబన్నరు. మాట నాలుక చివర దాకా వచ్చింది. దీప సంబంధం, ఇజ్జత్, బయట బెంచీ మీద కూర్చున్న మనిషి. అంతలో ఎస్సై ఒక కాగితం తిప్పి ఆమె ముందు పెట్టింది. ఖాతా తెరిచిన ఫారం. దాని మీద ఫోటో.

సుగుణ దాన్ని చూసింది. ఎంత నవ్వు! పళ్ళన్నీ కనబడేట్టు, కళ్ళు చిన్నవైపోయేట్టు, పెళ్ళి ఫోటోలో కూడా లేదు అంత నవ్వు. అదే చీర.

“ఇది చూస్తే కోర్టుల ఏమంటరో తెలుసా?” అంది ఎస్సై. “ఎవరూ బలవంతం చెయ్యలేదు, ఇష్టపడి తీసిందంటరు. ఇంత సంతోషంగ ఎవరు నవ్వుతరమ్మా బ్యాంకుల?”

“నేను నవ్విన మేడం” అంది సుగుణ. “ఎందుకు నవ్విన్నో చెప్త, రాసుకుంటరా?”

ఎస్సై పెన్ను తీసింది.

“ఫిబ్రవరి పదిహేడు. సోమవారం. పొద్దున తొమ్మిదిన్నరకు మా ఆయన తానం జేసొచ్చి, నీ పేరు మీద ఖాతా తీద్దాం, నీకూ ఒకటుండాలె గద అన్నడు. పది దాటినంక ఇల్లు ఎల్లినం. బ్యాంకు బయట ఎల్లస్వామి తెల్లకారుల ఉన్నడు. కారు నంబరు చివర నలభై నాలుగు పదకొండు. వదినె, ఒక్క సంతకం పెట్టు, లచ్మీదేవివైతవ్ అన్నడు. మూడో కౌంటర్. కళ్ళద్దాల సారు ఫోటో దీసిండు. కాయితాలల్ల ఫోన్ నంబరు నాది గాదు, గప్పుడే పక్కపొంటి డబ్బా దుకాణంల నా ఆధార్ మీద కొత్త సిమ్ము కొన్నరు, నీలం రంగు కవరు. పన్నెండుంబావుకు బయటికొచ్చినం. పబ్లిక్ గార్డెన్ కాడ మా ఆయన నాకు మిర్చి బజ్జీలు ఇప్పిచ్చిండు. నాలుగు. మూడు నేను తిన్న, ఒకటి ఆయన తిన్నడు.”

“బజ్జీల ముచ్చట ఇందుల అవసరం లేదమ్మా.”

“ఉన్నది మేడం, రాయుండ్రి. నేను బజ్జీ తింటాంటెనే ఎల్లస్వామి మల్లొచ్చిండు. మా ఆయన జేబులున్న పాస్‌బుక్కు తీసి, కార్డు, సిమ్ముతోటి ఒక ఖాకీ కవర్ల వెట్టి ఎల్లస్వామి చేతికిచ్చిండు. కవరు కింద వడబోతె నేనే పట్టిన. నా చేతి నూనె దానికంటింది, మా ఆయన కోపం జెయ్యలేదు. ఆయన కోపం జెయ్యలేదని నాకు ఎంత సంబురమైందో. ఎల్లస్వామి రెండు వేలు లెక్కవెట్టి మా ఆయనకిచ్చిండు. నా చీరకో ఏందో అనుకున్న.”

వరండాలో బెంచీ కిర్రుమంది. మొగిలి లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. అతని మొహంలో కోపం కూడా లేదు, బిత్తరపోయి ఉంది. ఇంట్లో ఉన్న వస్తువేదో లేచి మాట్లాడితే ఎట్లా చూస్తామో అట్లా చూస్తున్నాడు. సుగుణ అతన్ని చూసింది. ఈ మనిషి ఇయ్యాల ఇంటికి రాడు. కట్టమ్మ తనను గుమ్మం తొక్కనిస్తుందో లేదో. దీప గోడకానుకుని నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నది. ఇవన్నీ తెలిసే ఆమె ఫోటో ఉన్న ఆ ఫారాన్ని మెల్లగా ఎస్సై వైపు జరిపింది.

ఎస్సై రాయడం ఆపి తలెత్తింది. “ఎనిమిది నెలల కింది సంగతి. తారీఖు, టైము, కారు నంబరు. రేపు కోర్టుల వాళ్ళ వకీలు ఇదే అడుగుతడు. ఇంత ఖచ్చితంగ ఎట్ల యాదున్నది నీకు?”

సుగుణ కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇరవై రెండేండ్లల్ల నాకు గసొంటిది గదొక్కటే రోజు మేడం. కలగలిసిపోనీకి ఇంకో రోజు లేదు.”